రీడీ క్రీక్ చట్టం: డిస్నీకి దక్కిన సొంత పాలన, దాన్ని రద్దు చేయబోతే అడ్డొచ్చిన అప్పు

పర్యాటక ప్రాజెక్టుకు ప్రత్యేక చట్టం తేవాలన్న చర్చ ఎక్కడ జరిగినా రెండో స్లైడ్‌లోనో మూడో స్లైడ్‌లోనో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ బొమ్మ పడుతుంది. కోట, బాణసంచా, కిటకిటలాడే జనం. ఆ కోట చుట్టూ ఉన్న కాలువలు, మురుగు పైపులు ఎవరివి, వాటికి అప్పు ఎవరి పేరున తెచ్చారు, ఆ అప్పు తీరేదాకా ఎవరి చేతులు కట్టేసి ఉన్నాయి అన్నది ఏ స్లైడ్‌లోనూ కనిపించదు. నా పని అక్కడే మొదలవుతుంది. స్థానిక సంస్థలు అమ్మే బాండ్ల వెనకున్న చట్టాలు, ఒప్పందాలు చదివి, ఇచ్చిన అప్పు తిరిగొస్తుందో రాదో అంచనా వేయడం నా వృత్తి.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొదట చదవమనేది రీడీ క్రీక్ కేసే. 1967లో ఒక చట్టంతో పుట్టి, 2022లో రద్దుకు తేదీ పడి, 2023లో పేరు మారి, 2024లో రాజీకి వచ్చిన సంస్థ అది, వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉన్న నేలను పాలించేది. ఇలాంటి చట్టం రాసేటప్పుడు అందరూ అధికారాల జాబితా దగ్గరే కొట్లాడుకుంటారు. ఈ కేసులో 55 ఏళ్ల తర్వాత లెక్కకొచ్చింది ఆ జాబితా కాదు. ఓటు ఎవరిది, అప్పుకు రాష్ట్రం ఏం మాటిచ్చింది అన్న రెండు క్లాజులే చివరిదాకా నిలిచాయి.

ముందు డ్రైనేజీ, తర్వాతే డిస్నీ

1960ల నడుమ ఓర్లాండోకు నైరుతి దిక్కున ఉన్న చిత్తడి నేలలను, పశువుల బీళ్లను రకరకాల పేర్ల డొల్ల కంపెనీలు కొంటూ పోయాయి. 27 వేల ఎకరాలకు పైగా భూమి, మొత్తం ఖర్చు సుమారు 50 లక్షల డాలర్లు. కొంటున్నది డిస్నీ అని తెలిస్తే ధరలు చుక్కలనంటుతాయని పేరు బయటికి పొక్కనివ్వలేదు. 1965 నవంబరు 15న గవర్నర్ హేడన్ బర్న్స్ పక్కన కూర్చుని వాల్ట్ డిస్నీ సంగతి ప్రకటించాడు. ఏడాది తిరిగేసరికి, 1966 డిసెంబరులో ఆయన చనిపోయాడు. ప్రాజెక్టు అన్న రాయ్ డిస్నీ చేతికి వచ్చింది.

ఈ కథలో చాలామంది దాటేసే మెట్టు ఒకటుంది. 1967 నాటి ప్రత్యేక చట్టానికి ఏడాది ముందే, 1966 మేలో, అప్పటికే అమల్లో ఉన్న సాధారణ చట్టం కింద స్థానిక కోర్టు ద్వారా అక్కడ ఒక డ్రైనేజీ డిస్ట్రిక్ట్ ఏర్పడింది. కలెక్టరేట్ ఉండే జిల్లా కాదిది. ఒక పని కోసం పుట్టి, ఆ పని వరకు పన్ను వేసుకోగల, బాండ్లు అమ్ముకోగల స్థానిక సంస్థ. ఫ్లోరిడాలో ఇలాంటివి ఈరోజు 1,900 దాకా ఉన్నాయి. ముంపు నేలలను సాగుకు తెచ్చుకునే రైతుల కోసం పుట్టిన ఆ డ్రైనేజీ చట్టంలో ఓటు ఎకరాన్ని బట్టి ఉండేది. కాలువ తవ్వితే ఎక్కువ లాభం ఎక్కువ భూమి ఉన్నవాడికే, పన్ను భారం కూడా అతనిదే, కాబట్టి మాట కూడా అతనిదే అన్నది లెక్క. మన దగ్గర 1997లో వచ్చిన సాగునీటి సంఘాల చట్టం వేరే దారి పట్టింది. అక్కడ ఆయకట్టుదారుడికి ఎంత భూమి ఉన్నా ఒకటే ఓటు.

అంటే, ఎకరానికో ఓటు అన్నది డిస్నీ కోసం కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. కాలువల చట్టంలో ఉన్నదాన్నే తెచ్చి నగరానికి ఉండే అధికారాల పక్కన కూర్చోబెట్టారు. అసలు చమత్కారం అదే.

1967లో ఏం రాశారు

1967 మే 12న గవర్నర్ క్లాడ్ కిర్క్ సంతకంతో రీడీ క్రీక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ అవతరించింది. చట్టం సంఖ్య 67-764. దానికి తోడుగా మరో రెండు చట్టాలు రెండు నగరాలను పుట్టించాయి: బే లేక్, రీడీ క్రీక్. రెండోది తర్వాత లేక్ బ్యూనా విస్టాగా పేరు మార్చుకుంది. పేరుకు నగరాలే గానీ ఈనాటికీ రెండూ కలిపితే వంద మంది జనాభా లేరు.

డిస్ట్రిక్ట్ విస్తీర్ణం దాదాపు 25 వేల ఎకరాలు. ఆరెంజ్, ఆసియోలా అనే రెండు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) పరుచుకుని ఉంది. రోడ్లు, వంతెనలు, తాగునీరు, మురుగు శుద్ధి, విద్యుత్, అగ్నిమాపక దళం, చెత్త, భూవినియోగ ప్రణాళిక, భవన నిర్మాణ నియమావళి అన్నీ దాని చేతిలోకే వెళ్లాయి. విమానాశ్రయం, అణు విద్యుత్ కేంద్రం కట్టుకునే హక్కు కూడా రాశారు. పత్రికలకు ఇప్పటికీ ఇష్టమైన వాక్యం ఆ అణు కేంద్రం గురించినదే. దాన్ని ఎవరూ కట్టలేదు, కట్టే ఆలోచనా కనపడలేదు. ఇలాంటి చట్టాల ముసాయిదా రాసేవాళ్లు భవిష్యత్తులో ఏం అవసరమవుతుందో తెలియక నిఘంటువు ముందేసుకుని రాస్తారు. అందులో సగం కాగితం మీదే ఉండిపోతుంది.

కౌంటీకి, రాష్ట్రానికి మిగిలిందేమిటి? భవనాల వరకు చూస్తే ప్రధానంగా రెండు: ఆస్తి పన్ను, లిఫ్టుల తనిఖీ. పోలీసు వ్యవస్థ కూడా డిస్ట్రిక్ట్‌కు లేదు, కౌంటీ షెరిఫ్‌తో ఒప్పందం చేసుకునేవారు.

డిస్నీకి పన్ను మినహాయింపు ఇచ్చారని చాలామంది రాస్తుంటారు, ఈమధ్య తెలుగులోనూ చదివాను. అది తప్పు. కౌంటీ పన్ను, బడుల పన్ను అందరితో పాటు కట్టి, దానిమీద డిస్ట్రిక్ట్ పన్ను కూడా డిస్నీయే కట్టేది. ఆ పన్నుకు చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి 30 మిల్లులు, అంటే ఆస్తి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు 30 డాలర్లు. కౌంటీలకు ఉన్న పరిమితి 10 మిల్లులే. తన మీద తానే మూడింతల పన్ను వేసుకునే అధికారం ఎవరైనా ఎందుకు కోరుకుంటారు? సమాధానం బాండ్లలో ఉంది. ప్రభుత్వ సంస్థ అమ్మే బాండ్ల మీద వచ్చే వడ్డీకి ఫెడరల్ ఆదాయపన్ను ఉండదు కాబట్టి మదుపరులు తక్కువ వడ్డీకే అప్పిస్తారు. పన్ను వేసే అధికారం ఎంత పెద్దదైతే అప్పు భద్రత అంత గట్టిది, వడ్డీ అంత తక్కువ. డిస్నీకి దక్కిన లాభం చవకైన అప్పు, దానితోపాటు ఎవరి అనుమతి కోసమూ ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేని వేగం.

ఒక ప్రైవేటు కంపెనీ లబ్ధికి ప్రభుత్వ బాండ్లా అన్న ప్రశ్న వెంటనే లేచింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 1968లో బాండ్లు చెల్లుతాయని తేల్చింది. ప్రధాన లబ్ధిదారు డిస్నీయే అయినా, ముంపు నివారణ, పర్యాటకం లాంటి ప్రజాప్రయోజనం ఉంటే చాలన్నది ఆ తీర్పు సారం. రీడీ క్రీక్ నిలబడింది శాసనసభలో కాదు, ఈ తీర్పులో అనుకుంటాను.

కాలువలు, కోడ్, ఒక చేదు ఉదాహరణ

పని మాత్రం బాగా చేశారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. పనామా కాలువ ప్రాంతానికి గవర్నర్‌గా చేసిన మాజీ సైనిక ఇంజనీరు జో పాటర్ నేతృత్వంలో మొదట కాలువలు తవ్వారు. నీటి మట్టాన్ని అదుపు చేసే గేట్లకు కరెంటు లేదు, తిప్పే లాకు మనిషి లేడు. నీళ్లు పెరిగితే గేటుకు అమర్చిన ఫ్లోట్ పైకి తేలి గేటు తెరుచుకుంటుంది, మట్టం తగ్గగానే తనంతట తానే మూసుకుంటుంది. తుపాను వేళ కరెంటు పోయినా పని ఆగదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో లాకుల దగ్గర పెరిగినవాళ్లకు దాని విలువ విడమరచి చెప్పనక్కర్లేదు.

భవన నియమావళి సంగతీ అంతే. ఇటుక అన్నదే లేకుండా ఉక్కు, కాంక్రీటు, ఫైబర్‌గ్లాస్‌తో కట్టే కోటకు మామూలు పురపాలక నియమాల్లో ఏ పద్దు కిందా చోటు దొరకదు. అందుకని 1970లో డిస్ట్రిక్ట్ తన సొంత కోడ్ రాసుకుంది. దాని పేరు ఎప్కాట్ బిల్డింగ్ కోడ్. 1971 అక్టోబరు 1న పార్కు తలుపులు తెరిచారు. చట్టం వచ్చిన నాలుగేళ్లకే.

చేదు ఉదాహరణ 1990 నాటిది. కొన్ని రకాల పన్నులేని బాండ్లకు రాష్ట్రం ఏటా ప్రాంతాల వారీగా కోటా ఇస్తుంది. ఆ ఏడు ఓర్లాండో ప్రాంతానికి వచ్చిన సుమారు 5.7 కోట్ల డాలర్ల కోటా మొత్తాన్ని మురుగు శుద్ధి విస్తరణ కోసం రీడీ క్రీక్ దక్కించుకుంది. ముందు దరఖాస్తు పెట్టినవారికే అన్నది నియమం, వాళ్లు ముందు పెట్టారు. ఆరెంజ్ కౌంటీ అదే కోటాతో పేదలకు ఇళ్లు కట్టాలనుకుంది. పార్కుల్లో తక్కువ జీతానికి పనిచేసేవాళ్లే ఆ ఇళ్లకు అర్హులు. చట్టం ఎక్కడా ఉల్లంఘన కాలేదు. డిస్ట్రిక్ట్ తన సరిహద్దుల లోపల చక్కగా పనిచేస్తూ, సరిహద్దు అవతల పడే భారానికి ఎవరికీ జవాబుదారీ కాకపోతే ఇలాగే ఉంటుంది.

జనం లేని నగరంలో ఓటర్లు

1967లో శాసనసభకు చూపిన బొమ్మ వేరు. 1966 అక్టోబరులో వాల్ట్ డిస్నీ చిత్రీకరించిన సినిమాలో ఎప్కాట్ అన్నది 20 వేల మంది నివసించే భవిష్య నగరం. 1967 ఫిబ్రవరిలో ఆ సినిమా వేసి చూపించే అధికారాలు అడిగారు. నగరం అన్నారు కాబట్టి నగరపాలక అధికారాలు ఇచ్చారు. తర్వాత నగరం రాలేదు. 1982లో ఎప్కాట్ పేరుతో వచ్చింది మరో పార్కు. అధికారాలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

నివాసులు ఎందుకు రాలేదన్నదానికి ఒక జవాబు చట్టంలోనే ఉంది. అయిదుగురు సభ్యుల బోర్డును ఎన్నుకునేది భూయజమానులు, ఎకరానికో ఓటు. దాదాపు భూమంతా డిస్నీదే. సభ్యుడిగా ఉండాలంటే భూయజమాని కావాలి కాబట్టి, ఎంపిక చేసుకున్నవాళ్ల పేర అయిదేసి ఎకరాల ఖాళీ స్థలం రాయించేవారు. ఇళ్లు అమ్మితే ఆ కొన్నవాళ్లు ఓటర్లవుతారు. 1990ల్లో డిస్నీ సెలబ్రేషన్ అనే ఊరు నిర్మించినప్పుడు ముందు ఆ భూమిని డిస్ట్రిక్ట్ సరిహద్దుల్లోంచి తప్పించి ఆసియోలా కౌంటీకి వదిలేశారు. ఊరు బయట, ఓటూ బయటే.

ఎకరం ఓటు అమెరికా రాజ్యాంగానికి విరుద్ధం కాదా అని అడిగేవాళ్లుంటారు. 1973లో కాలిఫోర్నియాకు చెందిన సాల్యర్ కేసులో, 1981లో ఆరిజోనాకు చెందిన బాల్ కేసులో ఫెడరల్ సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకుంది. పరిమితమైన పని, దాని భారం భూమి మీదే పడే సంస్థ అయితే ఒక మనిషికి ఒక ఓటు సూత్రం వర్తించదని చెప్పింది. అగ్నిమాపకం నుంచి నగర ప్రణాళిక దాకా చేసే రీడీ క్రీక్‌ను పరిమితమైన పని అనవచ్చా? నా దృష్టిలో అనలేం. నివాసులే లేకపోవడంతో ఆ ప్రశ్న వేయగల మనిషీ లేకపోయాడు.

ఫ్లోరిడాయే 1980లో మెరుగైన నమూనా రాసుకుంది. కొత్త కాలనీలకు మౌలిక వసతులు కట్టే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ డిస్ట్రిక్ట్‌ల చట్టం అది, 190వ అధ్యాయం. మొదట్లో ఎకరం ఓటే ఉంటుంది, డెవలపర్ మాటే చెల్లుతుంది. ఆరేళ్లు గడిచి 250 మంది ఓటర్లు చేరాక బోర్డు సీట్లు వరసగా నివాసుల చేతికి మారతాయి. డిస్ట్రిక్ట్ 5,000 ఎకరాలు దాటితే పదేళ్లు, 500 మంది. డెవలపర్‌కు మొదట్లో కావలసిన స్వేచ్ఛ దొరుకుతుంది, అది ఎప్పుడు తీరుతుందో అందరికీ ముందే తెలుస్తుంది. రీడీ క్రీక్‌ది పాత ప్రత్యేక చట్టం కాబట్టి ఈ నిబంధన దాన్ని తాకలేదు.

మోంటానా రాష్ట్రానిది పూర్తిగా వేరే దారి. 1985 చట్టం ప్రకారం, జనాభా తక్కువగా ఉండి ప్రధానంగా పర్యాటకం మీదే బతికే ఊళ్లు విలాస వస్తువులు, గదులు, హోటళ్ల మీద 3 శాతం దాకా రిసార్ట్ పన్ను వేసుకోగలిగేవి; 2019 నుంచి మౌలిక వసతుల కోసం మరో ఒక శాతం కూడా వేసుకోవచ్చు. రాష్ట్రంలో మామూలు అమ్మకం పన్నే లేదు, కాబట్టి ఇది పెద్ద మినహాయింపు. పన్ను పెట్టాలా వద్దా అన్నది ఊరివాళ్ల ఓటు. ఎల్లోస్టోన్ పార్కు వాకిట్లో ఉన్న వెస్ట్ ఎల్లోస్టోన్ మొదట దీన్ని వాడుకుంది. బిగ్ స్కై ఓటర్లు 1992లో ఒప్పుకున్నారు. అక్కడ కట్టేది యాత్రికుడు, ఓటేసేది స్థానికుడు, రోడ్లు ఇద్దరివీ. దీంతో పార్కు కట్టలేరు, కానీ పార్కు వల్ల చితికిపోయే ఊరిని నిలబెట్టుకోవచ్చు.

2022: రద్దు చేయడానికి రెండు రోజులు చాలు, అప్పు మాత్రం పోదు

రాజకీయం అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెప్తాను. 2022 మార్చిలో బడుల్లో లైంగికత పాఠాలపై ఆంక్షలు పెట్టే చట్టాన్ని డిస్నీ బహిరంగంగా తప్పుపట్టింది. గవర్నర్ రాన్ డిసాంటిస్ ప్రత్యేక సమావేశం అజెండాలోకి డిస్ట్రిక్ట్ విషయం చేర్చారు. ఏప్రిల్ 22న ఎస్‌బీ 4-సీ అనే బిల్లు మీద సంతకం పడింది.

అందులో డిస్నీ పేరు లేదు. 1968 నవంబరు 5కు, అంటే ప్రస్తుత రాష్ట్ర రాజ్యాంగానికి ఆమోదం దొరికిన రోజుకు, ముందు ప్రత్యేక చట్టంతో పుట్టి తిరిగి స్థాపితం కాని డిస్ట్రిక్ట్‌లన్నీ 2023 జూన్ 1న రద్దవుతాయని రాశారు. ఈ వలలో ఆరు సంస్థలు పడ్డాయి. వాటిలో మారియన్ కౌంటీ న్యాయ గ్రంథాలయం ఒకటి. పాపం, దానికీ ఈ గొడవకూ ఏ సంబంధమూ లేదు.

నా వృత్తిలోవాళ్లు ఆ వారం చదివింది మాత్రం 1967 చట్టమే. రీడీ క్రీక్‌కు అప్పటికి దాదాపు 100 కోట్ల డాలర్ల బాండ్ల బాకీ ఉంది. డిస్ట్రిక్ట్ రద్దయితే ఆస్తులూ అప్పులూ స్థానిక ప్రభుత్వానికి బదిలీ అవుతాయని రాష్ట్ర చట్టంలోనే ఉంది. ఉమ్మడి కుటుంబం వేరుపడేటప్పుడు పొలం పంపకం కన్నా ముందు అప్పు ఎవరి వాటా అన్నది తేలాలి కదా, ఇక్కడ ఆ ప్రశ్నే వేయకుండా వేరు కాపురం ప్రకటించారు. రీడీ క్రీక్ పన్ను పోతుంది, ఖర్చు మిగులుతుంది. ఆస్తి పన్నులు 20 నుంచి 25 శాతం దాకా పెంచాల్సి రావచ్చని ఆరెంజ్ కౌంటీ పన్ను వసూలు అధికారి అప్పట్లో హెచ్చరించారు. రేటింగ్ సంస్థ ఫిచ్ ఆ బాండ్లను ప్రతికూల పరిశీలనలో పెట్టింది, అంటే రేటింగ్ తగ్గించవచ్చని హెచ్చరించింది.

అసలు బాంబు బిల్లు మీద సంతకానికి ముందురోజే పేలింది. ఏప్రిల్ 21న బాండ్ల సమాచారం పెట్టే ఎమ్మా వెబ్‌సైట్‌లో డిస్ట్రిక్ట్ మదుపరులకు ఒక నోటీసు పెట్టింది. 1967 చట్టంలో రాష్ట్రం బాండ్లు కొన్నవాళ్లకు ఇచ్చిన మాటను అందులో గుర్తుచేసింది. బాండ్లన్నీ వడ్డీతో సహా తీరేదాకా పన్నులు వేసి వసూలు చేసుకునే డిస్ట్రిక్ట్ హక్కును రాష్ట్రం కుదించదు, మార్చదు అన్నది ఆ మాట. అప్పుపత్రాల్లో ఇది మామూలుగా కనిపించే క్లాజే. ఎవరూ ఆగి చదవరు. రాష్ట్రం తాను రాసిన వాగ్దానాన్ని తానే తప్పితే అది ఒప్పందాలను కాపాడే రాజ్యాంగ నిబంధన దగ్గరికి వెళ్తుంది.

అందుకే రద్దు జరగలేదు. 2023 ఫిబ్రవరి 27న లేక్ బ్యూనా విస్టాలోని డిస్ట్రిక్ట్ ఫైర్ స్టేషన్‌లో గవర్నర్ హెచ్‌బీ 9-బీ అనే బిల్లు మీద సంతకం పెట్టారు. డిస్ట్రిక్ట్, దాని అప్పు, పన్ను అధికారం యథాతథంగా ఉన్నాయి. పేరు సెంట్రల్ ఫ్లోరిడా టూరిజం ఓవర్‌సైట్ డిస్ట్రిక్ట్ అయింది. అణు కేంద్రం, విమానాశ్రయం లాంటి ఎవరూ వాడని అధికారాలు పోయాయి. ఎకరం ఓటు పోయి అయిదుగురినీ గవర్నరే నియమిస్తారు, సెనేట్ ఆమోదించాలి. గత మూడేళ్లలో థీమ్ పార్కులో పనిచేసినవాళ్లు అనర్హులు. అగ్నిమాపక సిబ్బంది యూనియన్ ఈ మార్పుకు మద్దతిచ్చింది. పాత బోర్డు కింద సిబ్బంది కొరత మీద వాళ్లకు చాలా ఫిర్యాదులున్నాయి. పాత పాలనలో అందరూ సుఖంగా ఉన్నారనుకునేవాళ్లు ఈ ముక్క గమనించాలి.

నాకు నచ్చని సంగతి ఒకటుంది. పన్ను కట్టే భూయజమానికి గానీ, నివాసులకు గానీ, పొరుగు కౌంటీలకు గానీ బోర్డులో ఒక్క సీటూ లేదు. మునుపు ఒక కంపెనీ చేతిలో ఉన్నది ఇప్పుడు ఒక కార్యాలయం చేతికి వచ్చింది.

రాజుగారి వారసులు

2023 మార్చి 29న కొత్త బోర్డు సమావేశంలో న్యాయవాదులు ఒక పత్రం బయటపెట్టారు. ఫిబ్రవరి 8న, అంటే కొత్త బిల్లు శాసనసభలో ఉండగానే, పాత బోర్డు డిస్నీతో రెండు ఒప్పందాలు చేసుకుంది. ఒకటి 30 ఏళ్ల అభివృద్ధి ఒప్పందం, ఐదో పెద్ద పార్కుతో సహా నిర్మాణ హక్కులన్నీ డిస్నీకి ఖాయం చేసేది. రెండోది భూమిని అంటిపెట్టుకుని ఉండే షరతుల పత్రం. డిస్ట్రిక్ట్ తన భవనాల రూపురేఖలు మార్చాలన్నా డిస్నీకి ముందుగా చూపించాలి. ఆ షరతులు శాశ్వతం. శాశ్వతం చెల్లదని కోర్టు అంటే, ఇంగ్లండ్ రాజు మూడో చార్లెస్ వారసుల్లో ఆ రోజుకు బతికి ఉన్నవారిలో చివరివారు చనిపోయిన 21 ఏళ్ల దాకా.

పత్రికలు దీన్ని వింతగా రాశాయి. ఆస్తి చట్టం చదివినవాళ్లకు ఇది పాత పాఠం. ఆస్తిని అనంతకాలం కట్టేయకూడదన్న ఇంగ్లిషు కామన్ లా నియమం, ఒక బతికున్న మనిషి జీవితకాలం ప్లస్ 21 ఏళ్లు అన్న కొలతతో ఉంటుంది. ఆ కొలతను ఎంత సాగదీయాలంటే అంత పెద్ద, ఎక్కువమంది పిల్లలున్న, అందరికీ లెక్క తెలిసిన కుటుంబాన్ని కొలబద్దగా పెట్టుకుంటారు. మన 1882 ఆస్తి బదిలీ చట్టం 14వ సెక్షన్ కూడా ఇదే నియమానికి చుట్టం.

ఇందులో దొంగతనం ఏమీ లేదు. పత్రికల్లో ప్రకటన వచ్చింది, రెండు బహిరంగ విచారణలు జరిగాయి. రాష్ట్ర ప్రభుత్వంలో ఎవరూ రాలేదు, అంతే. కొత్త బోర్డు వాదన వేరు: ఆ ఒప్పందం వల్ల ప్రభావితమయ్యే ఇతర భూయజమానులకు తపాలాలో విడిగా నోటీసు పంపాలని చట్టం చెబుతోంది, పంపలేదు కాబట్టి చెల్లదు అని. కోట్ల డాలర్ల ఒప్పందం ఆఖరికి తపాలా దగ్గరికొచ్చి ఆగింది.

ఏప్రిల్ 26న బోర్డు ఒప్పందాలు చెల్లవని తీర్మానించింది. అదే రోజు డిస్నీ ఫెడరల్ కోర్టుకెళ్లింది. మే 1న బోర్డు రాష్ట్ర కోర్టులో ఎదురు దావా వేసింది. మే 5న శాసనసభ వైపు నుంచి ఇంకో దెబ్బ: బోర్డు ఎంపిక పద్ధతిని మార్చే చట్టం రావడానికి ముందు మూడు నెలల్లో చేసుకున్న అభివృద్ధి ఒప్పందాలను కొత్త బోర్డు పాటించనక్కర్లేదన్న చట్టం. 2024 జనవరి 31న ఫెడరల్ న్యాయమూర్తి అలెన్ విన్సర్ డిస్నీ కేసు కొట్టేశారు. గవర్నర్‌ మీద దావా వేయడానికి డిస్నీకి అర్హత లేదన్నారు. చూడటానికి రాజ్యాంగబద్ధంగా ఉన్న చట్టాన్ని, చేసినవాళ్ల ఉద్దేశం చెడ్డదన్న కారణంతో వాక్స్వాతంత్ర్యం పేరిట కొట్టేయలేమన్నారు. ఎమ్మా నోటీసులో ఉన్న మాటకు ఈ కేసులో పరీక్షే రాలేదు, ఎందుకంటే బాండ్ల డబ్బు ఎవరికీ ఆగలేదు.

మార్చి 27న రాజీ కుదిరింది. ఫిబ్రవరి ఒప్పందాలు చెల్లవని డిస్నీ ఒప్పుకుంది. జూన్ 12న బోర్డు కొత్త ఒప్పందాన్ని ఆమోదించింది. గడువు 15 ఏళ్లు. రాబోయే 10 నుంచి 20 ఏళ్లలో డిస్నీ 1,700 కోట్ల డాలర్ల దాకా పెట్టుబడి పెట్టవచ్చు, అందులో మొదటి పదేళ్లలో 800 కోట్లు. ఐదో పెద్ద పార్కుకు వీలుంది. అందుబాటు ధరల ఇళ్లకు కోటి డాలర్లు ఇవ్వాలి. 1990 నాటి ఇళ్ల తగవు తెలిసినవాళ్లు ఈ అంకెను చూసి ఏమనుకుంటారో వాళ్లకే వదిలేస్తాను.

మన ముసాయిదాల్లోకి వస్తే

మన దగ్గర ఈ ఆలోచన పూర్తిగా పరాయిదేం కాదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243క్యూ అధికరణలోనే ఒక మినహాయింపు ఉంది: పురపాలక సేవలను ఒక పారిశ్రామిక సంస్థే అందిస్తున్న చోట మునిసిపాలిటీ ఏర్పాటు చేయకుండా గవర్నర్ దాన్ని పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పారిశ్రామికవాడల్లో 'ఐలా'లు (ఆ వాడల స్థానిక పాలన సంస్థలు) పురపాలక అధికారాలు వాడుతూ, వసూలు చేసిన పన్నులో వాటా స్థానిక సంస్థకు ఇస్తాయి. పర్యాటకానికి ఇలాంటిదే కావాలని ముసాయిదా వస్తే మొదట అధికారాల జాబితా పక్కన పెట్టి నేను మూడో నాలుగో పేజీలు వెతుకుతాను.

నివాసులు వచ్చిన రోజున బోర్డు ఎలా మారుతుందో సంవత్సరం, సంఖ్య వేసి రాశారా? చుట్టుపక్కల పంచాయతీలకు ఒక్క సీటైనా ఉందా? లేబర్ కాలనీలు, బస్సులు, మురుగు వాళ్ల మీదే పడతాయి. బోర్డు మారబోతోందని తెలిసిన తర్వాత పాత బోర్డు సంతకం చేసే ఒప్పందాలకు విరామం పెట్టారా? ఫ్లోరిడా దాన్ని గొడవ జరిగాక వెనక్కి వర్తించేలా రాసుకుంది. అదే 1967లో ఒక వాక్యం రాసి ఉంటే ఏడాది కోర్టు ఖర్చు తప్పేది. రద్దు ఎలాగో రాసినచోటే బాకీ ఎవరిదో కూడా రాయాలి, ఇంకో చట్టంలో వెతుక్కునేలా కాదు. బాండ్లు కొన్నవాళ్లకు ఇచ్చే హామీ క్లాజును మాత్రం తీసేయమని నేనెప్పుడూ చెప్పను. అది లేకపోతే చవకగా అప్పు పుట్టదు. శాసనసభ తన చేతులు ఎంతకాలం కట్టేసుకుంటోందో తెలిసి సంతకం పెట్టాలి, అంతే.

డిసాంటిస్ పదవీకాలం 2027 జనవరిలో ముగుస్తుంది. ఆ తర్వాత బోర్డు సభ్యులను ఎంచుకునేది వచ్చే గవర్నరే. డిస్నీతో ఒప్పందం మాత్రం 2039 దాకా ఉంది.